నేను వెళ్లని తిరుపతి

ఈ సంగతి అప్పుడే రాసి ఉండాల్సింది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. మా ఊళ్లో ఆడపిల్లల్ని బడికి పంపే ఇళ్లు లేకపోలేదు, మాది మాత్రం ఆ ఇల్లు కాదు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఒకరు కావాలి, ఆ ఒకరు నేను. పెళ్లయ్యాక సంతకం నేర్చుకున్నాను. అది రాయడం కాదు, ముగ్గు పెట్టడం. ముగ్గులో చుక్క తప్పినట్టు అందులోనూ ఏదో ఒకటి తప్పేది, బ్యాంకులో మళ్లీ పెట్టించేవారు.

చాలా ఏళ్ల తరువాత, ఢిల్లీలో పుట్టిన మన పిల్లలకు తెలుగు రాకుండా పోతోందని ఎవరో ఆదివారాలు ఒక హాల్లో తరగతి పెట్టారు. పిల్లలంతా హిందీలో అరుచుకుంటూ, బలపం చూస్తేనే విసుక్కుంటూ కూర్చునేవారు. వాళ్ల వెనక బెంచీలో నేను కూర్చున్నాను. అప్పటికే నా తల సగం నెరిసింది. రెండు జడల పిల్ల ఒకతి వెనక్కి తిరిగి, "ఆంటీ, ఆప్ కిస్‌కీ మమ్మీ హో?" అని అడిగింది. "ఇక్కడ ఎవరి మమ్మీనీ కాదు, నీ క్లాసే" అన్నాను. ఆ పిల్లకు నా మీద జాలి కలిగి తన రబ్బరు ఇచ్చింది. ఒత్తులు వచ్చేసరికి ఆ పిల్ల పెద్ద బడికి పోయింది. నేను మిగిలాను.

అక్షరాలు వచ్చినవాళ్లు ముందు దేవుడి పేరు రాస్తారట. నాకు మొట్టమొదట రాయాలనిపించింది తగవు. ఇది ఆ తగవు.

ఆ ఏడాది వేసవి మొదట్లో నా వైద్యం పూర్తయింది. ఎడమ రొమ్ము తీసేశారు. తరువాత మందు ఎక్కించారు. ఆ తరువాత కరెంటు పెట్టారు. దానికి డాక్టర్లు వేరే పేరు చెబుతారు, వరండాలో కూర్చున్న మేమంతా కరెంటనే అనేవాళ్లం. ఆఖరి రోజు బల్ల మీద నుంచి దిగుతుంటే అక్కడి నర్సు, "ఇక రానక్కర్లేదు, ఇంటికెళ్లి హాయిగా ఉండండి" అని హిందీలో చెప్పింది. హాయిగా అనే మాట ఆ రోజు నుంచి నాకు తిట్టులాగే వినిపిస్తుంది.

వైద్యం జరిగినన్నాళ్లూ వైశాలిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మా కాపురం జనక్‌పురిలో. అదొక చివర, ఇదొక చివర. వైశాలి అప్పటికింకా ఊరు కాలేదు. సగం కట్టిన ఫ్లాట్లు, ఇసుక గుట్టలు, సాయంత్రమైతే పోయే కరెంటు. యమున దాటి అవతల ఎవరు బతుకుతున్నారో జనక్‌పురి తెలుగువాళ్లకు పట్టదు. నన్ను అక్కడ ఉంచింది ఆసుపత్రికి దగ్గరని అనుకున్నాను. కాదు, జనక్‌పురికి దూరమని.

ఆ రోజుల్లో మా ఆయన్ని 'వచ్చారు, వెళ్లారు' అనేదాన్ని. ఇప్పుడు 'వచ్చాడు' అనే రాస్తాను. రాసే చెయ్యి నాది.

ఆటో మాట్లాడుకుని వచ్చాడు. నా సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. వంతెన సగం దాటాక, ఆటో చప్పుడులో డ్రైవరుకు వినపడదని ధైర్యం వచ్చినట్టుంది, మొదలుపెట్టాడు.

"చూడు, అక్కడ ఎవరైనా అడిగితే మీ అమ్మకు బాగోలేక వెళ్లావు."

"మా అమ్మకేం? గుండ్రాయిలా ఉంది."

"అడిగితే అంటున్నా. కడుపులో గడ్డని చెప్పాను. నువ్వు తిరుపతి మొక్కుకున్నావు. గడ్డ కరిగిపోయింది. వెళ్లి తలనీలాలు ఇచ్చొచ్చావు. గుండు అందుకు."

నేను తల మీది కొంగు సర్దుకున్నాను. కింద యమున నురగ కట్టి కంపు కొడుతోంది.

"గడ్డే ఎందుకు చెప్పారు?"

"ఏదో ఒకటి చెప్పాలిగా. నోటికొచ్చింది."

ఊహ ఉన్న మనిషి అయితే కాలు విరిగిందనో, కామెర్లనో చెబుతాడు. ఈయన నా గడ్డనే తీసి మా అమ్మ కడుపులో పెట్టాడు.

"మన అమ్మాయి పెళ్లి సంగతి చూసుకోవాలి కదా," అన్నాడు మళ్లీ. "నోయిడాలో కుర్రాడు, హైదరాబాదు వాళ్లు. మాటలు నడుస్తున్నాయి. తల్లికి ఆ జబ్బని తెలిస్తే గుమ్మం తొక్కుతారా? రేపు పిల్లకూ వస్తుందంటారు. నువ్వు నోరు విప్పకు, అంతే."

జబ్బు నాది. గుండు నాది. నోరు కూడా నాదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇంటికి చేరేసరికి మెట్ల మీదే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకావిడ గడప దగ్గర నీళ్లు పోసింది. ఇంకొకావిడ నా తల మీది కొంగు పక్కకు జరిపి, గుండు నిమిరి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. పై అంతస్తులో ఉండే పంజాబీ ఇంటావిడ కూడా దిగి వచ్చి, "బహన్‌జీ, బాలాజీ నే తో కమాల్ కర్ దియా!" అని బాలాజీ మహిమను మెచ్చుకుంటూ నన్ను గట్టిగా కౌగిలించుకుంది. కుట్లున్న చోట ప్రాణం పోయింది. నవ్వాను. ప్రసాదం కూడా సిద్ధంగా ఉంది. మా ఆయన ఆఫీసులో ఎవరో నిజంగానే తిరుపతి వెళ్లొచ్చి ఇచ్చిన లడ్డూను చిదిపి, పొట్లాలు కట్టి ఉంచాడు. నా చేతులతో నేనే పంచాను. ఆ దేవుడికి నా వెంట్రుక ఒక్కటీ చేరలేదు. అంతా వైశాలిలో మా చెల్లెలి బాత్రూం తూములో పోయింది, చెల్లెలే పుల్లతో గుచ్చి తీసింది.

జబ్బుగా ఉన్నప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. తగ్గిందనగానే అందరికీ అన్నీ కావలసి వచ్చాయి. తెల్లవారుజామున కాసేపే నీళ్లు వదిలేవారు. ఆ కాసేపట్లో బకెట్లు, డ్రమ్ము, కూలరు నిండాలి. నా ఎడమ చెయ్యి మోచేతి దాకా వాచి ఉండేది, దాంతో బరువు ఎత్తొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ మాట మా ఆయనకు చెబితే, "ఇంకో చెయ్యి ఉందిగా" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది. నోట్లో ఏది పెట్టుకున్నా తుప్పు రుచి. ఉప్పు తెలిసేది కాదు. పప్పు నోట్లో పెట్టుకుని కంచం నెట్టేసి, "అయిపోయింది కదా వైద్యం, ఇంకా ఇదేంటి?" అనేవాడు. నేను లేనన్నాళ్లూ హోటల్లో తిని పొట్ట పెంచుకున్నాడు. ఆ పొట్టనే చూస్తూ కూర్చునేదాన్ని.

పాత నేతచీర ముక్క మడతలు పెట్టి జాకెట్టు లోపల కుట్టుకున్నాను. వంగితే అది మెడ దాకా ఎగదన్నేది. కూరగాయల బండి దగ్గర టమాటాలు ఏరుతూ, ఒక చేత్తో దాన్ని కిందికి లాక్కుంటుంటే, బండివాడు "క్యా గిర్ గయా, దీదీ?" అని అడిగాడొకసారి. ఏం పడిపోయిందో వాడికి చెప్పాలనిపించింది. అరకిలో వంకాయలు తూచమన్నాను.

మా కింది ఇంట్లో ఒకావిడ ఉండేది. నాకంటే పెద్దది, అక్కయ్యగారని పిలిచేదాన్ని. భర్త కంపెనీ పని మీద ఎప్పుడూ ఊళ్లు తిరిగేవాడు. కొడుకు లక్ష్మీ నగర్‌లో గది తీసుకుని పెద్ద ఉద్యోగాల పరీక్షలకు చదివేవాడు, ఇంటికి వచ్చేవాడు కాదు. అందుకని ఆవిడకు మమ్మల్నందరినీ ఏలడానికి తీరిక ఉండేది. శుక్రవారం పారాయణం ఆవిడ ఇంట్లోనే. అందరికీ పుస్తకాలు పంచి, నా దగ్గరికి వచ్చేసరికి ఆగి, "నీకు ఒత్తులు చేసే పని ఇస్తానమ్మా, అవి చదవక్కర్లేదుగా" అనేది. అందరూ నవ్వేవారు. పత్తితో ఎన్ని వేల ఒత్తులు చేశానో. ఆవిడంటే నాకు గిట్టదు. ఆ మాట ఇక్కడ దాచను, ఎందుకంటే తరువాత జరిగింది చదివి మేమిద్దరం అక్కాచెల్లెళ్లలా ఉండేవాళ్లమని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది.

గుండుతో వచ్చాక మాత్రం నా స్థానం మారింది. ముందు వరసలో కూర్చోబెట్టింది. "చదువు రాకపోతేనేం, భక్తి ఉంది. నాకు చదువుండీ ఆ పుణ్యం లేదు" అని అందరి ముందూ నా కాళ్లకు దణ్ణం పెట్టింది. పొగడ్తలోనూ నాకు చదువు లేదన్న సంగతి వదల్లేదు చూడండి. కొన్నాళ్లకు జుట్టు మొలిచింది. పోయినప్పుడు తిన్నటి జుట్టు, వచ్చినప్పుడు ఉంగరాలు. మందు ఎక్కించుకున్న వాళ్లలో చాలామందికి అలాగే వస్తుందని వరండాలో విన్నాను. ఇక్కడ అది కూడా స్వామి దయే అయింది. వారం వారం నా ఉంగరాలు చూడటానికి కొత్త మనుషులు వచ్చేవారు. నేను వాళ్ల ముందు మా అమ్మ గడ్డ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం కూడా లేకపోయింది, పక్కనుంచి మా ఆయన చెప్పేవాడు. చెప్పిన కొద్దీ గడ్డ పెద్దదయ్యేది. కొబ్బరికాయంత అన్నాడొకరోజు.

ఒక మధ్యాహ్నం అక్కయ్యగారు వచ్చింది. వడగాలి రోజులు. నేను కూలరు ముందు చాప మీద పడుకుని ఉన్నాను.

"ఏవమ్మా, నిద్దరా?"

లోపలికొచ్చి తలుపు తనే గడియ పెట్టింది. అంతకు ముందెప్పుడూ అలా చేయలేదు. కుర్చీ వదిలేసి నా పక్కన చాప మీద కూలబడింది. మంచినీళ్లు ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"మీ అమ్మగారికి గడ్డ ఎక్కడన్నావు?"

"నేననలేదు. ఆయనన్నారు."

"ఎవరంటేనేం. కడుపులోనేనా?"

"ఆఁ."

"గట్టిగా ఉండేదా? పట్టుకుంటే కదిలేదా?"

"ఎందుకండీ?"

"ఊరికే అడిగాన్లే."

కూలరు గరగరలాడుతోంది. ఆవిడ గ్లాసు కింద పెట్టి, నా కుడి చెయ్యి పట్టుకుని లాగి, చంక కింద, జాకెట్టు పక్కన పెట్టుకుంది.

"చలికాలంలో శనగగింజంత ఉండేది. ఇప్పుడు చూడు."

చూశాను. నా వేళ్లకు అప్పటికి అక్షరాలు రావు గానీ ఆ గడ్డ వచ్చు. నిమ్మకాయంత. రాయిలా ఉంది, జరగడం లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"డాక్టరుకు చూపించారా?"

"డాక్టరుకా? ఏ మగాడి ముందో విప్పుకుని కూర్చోనా? కోస్తారు. ఎదురింటి వాళ్ల మేనత్తను కోశారు, మరి ఆవిడేదీ? నాకొద్దమ్మా. నేనూ మొక్కేసుకున్నా. రేపు సాయంత్రం రైలుకు టిక్కెట్టు. తలనీలాలిచ్చి, అక్కడే కొన్నాళ్లు ఉండి వస్తా. మా ఆయనకీ చెప్పలేదు, యాత్రకని చెప్పా." నా మొహంలోకి వంగింది. "మీ అమ్మగారికి ఎప్పుడు కరిగింది? మొక్కుకోగానేనా, నువ్వు గుండు చేయించుకున్నాకా?"

"తెలియదు" అన్నాను.

"తెలియకపోవడమేంటమ్మా? కన్నతల్లి కదా!"

"తెలియదండీ."

మొహం ముడుచుకుని లేచింది. నా పుణ్యం తనతో పంచుకోవడం ఇష్టం లేక దాస్తున్నానని ఆవిడకు అనిపించింది. గుమ్మం దగ్గర నిలబడి, "అన్నీ నీకే కావాలి" అని వెళ్లిపోయింది.

అప్పటికప్పుడు నిజం ఎందుకు చెప్పలేదంటే, అమ్మాయి సంబంధం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. నా గుండు నిమిరిన ఆ చేతుల మీద, ఒత్తులు చేయించిన ఆ నవ్వుల మీద నాకు అంత కసి ఉంది. వెళ్లనీ, అనుకున్నాను. కాసేపు మనసు చల్లబడింది కూడా. చల్లబడినప్పుడు నా వేళ్ల కొసల్లో ఆ నిమ్మకాయ అలాగే ఉంది. చెయ్యి కడుక్కున్నా పోలేదు. నాకూ మొదట్లో అంతే ఉండేది. అప్పుడు డాక్టరు, "ఇంకో రెండు మూడు నెలలు ఆగి వస్తే నా దగ్గర మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు" అన్నాడు.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. బూట్లు విప్పుతూ విన్నాడు. అమ్మాయి పక్క గదిలో దుపట్టా ఇస్త్రీ చేసుకుంటోంది. అప్పుడే నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ల కంపెనీలో చేరింది.

"వెళ్లనీ," అన్నాడు. "దైవదర్శనానికి వెళ్తుంటే మనం వద్దనడమేంటి?"

"గుండు చేయించుకుంటే కరుగుతుందని వెళ్తోంది. మీరు చెప్పిన కొబ్బరికాయ విని."

"నేను మీ అమ్మ సంగతి చెప్పాను. ఆవిణ్ణి వెళ్లమన్నానా? వచ్చాక ఆసుపత్రికి వెళ్లమని మెల్లగా చెబుదువుగాని. ఆ కుర్రాడి తల్లి వచ్చే నెల వస్తోంది. ఒక్క నెల ఆగలేవా?"

"నేను ఆగుతాను. అది ఆగదు."

"ఏది?"

"గడ్డ."

"అబ్బ, నీకంటే అలా అయింది. అందరికీ అదే అవుతుందా? మామూలు గడ్డేమో."

"మామూలుదో కాదో చూసి చెప్పేది డాక్టరు. మీరు కాదు, గుండు గీసేవాడూ కాదు."

"ఓసారి నోరు జారాక వెనక్కి రాదు, గుర్తుంచుకో. దాని బతుకు నీ చేతులారా పాడు చేస్తావు." వేలు పక్క గది వైపు చూపించాడు.

ఇస్త్రీపెట్టె ఠక్కున పెట్టిన చప్పుడైంది. అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. దానికి తెలుగు అర్థమవుతుంది, కోపమొస్తే హిందీయే వస్తుంది.

"ముఝే బీచ్ మే మత్ లావో, పాపా. మేరే నామ్ పే కిసీ కో మత్ మారో."

నన్ను మధ్యలోకి లాగొద్దు, నా పేరు చెప్పి మనిషిని చంపొద్దంది. అది నా వైపు తిరిగి, "ఔర్ ఆప్! ఆప్‌కో పర్మిషన్ చాహియే?" అని అరిచి, నీకింకా ఒకరి అనుమతి కావాలా అన్నట్టు చూసి లోపలికి పోయింది. నేను పెంచిన పిల్ల నా మీద అలా అరవడం నాకు నచ్చలేదు. ఇంకా నచ్చనిది, అది అన్నది నిజం కావడం. చెప్పులేసుకుని కిందికి దిగాను. వెనక నుంచి, "ఒసేయ్, ఆగు!" అన్నాడు. మెట్ల మీదికి రాలేదు, పక్కింటి వాళ్లు చూస్తారని.

అక్కయ్యగారింట్లో చింతపండు పులుసు ఉడుకుతోంది, రైల్లోకి పులిహోర కోసం. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. పైన పసుపు చీర, దాని మీద ముడుపు కట్టిన గుడ్డ.

"రా రా. ఇప్పుడు గుర్తొచ్చిందా ఎన్నాళ్లకు కరిగిందో?"

"మా అమ్మకు గడ్డ లేదు."

"ఏంటి?"

"ఎప్పుడూ లేదు. నేను తిరుపతి వెళ్లలేదు. వైశాలిలో ఉన్నాను, ఆసుపత్రికి తిరుగుతూ. గడ్డ నాది."

ఆవిడకు ఎక్కలేదు. గరిటె పట్టుకుని అలాగే చూస్తోంది. ఇలా కాదని జాకెట్టు లోపల చెయ్యి పెట్టి, నేతచీర మడతను కుట్టు తెంపి లాగి, పెట్టెలో ఆవిడ పసుపు చీర మీద పడేశాను. పైట తీశాను.

చూసింది. మొదట నా మొహం, తరువాత అక్కడ, తరువాత మళ్లీ నా మొహం. గరిటెలోంచి పులుసు నేల మీద కారుతోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నేను ఆవిణ్ణి తక్కువ అంచనా వేశాను.

"నీ కాళ్లకు దణ్ణం పెట్టాను కదే!"

"నేను పెట్టమన్నానా?"

"లడ్డూ కళ్లకద్దుకుని తిన్నాను!"

"లడ్డూ నిజం లడ్డూయే. తిన్నందుకు నష్టమేం లేదు."

"దేవుడి పేరు మీద అబద్ధమా! కళ్లు పోతాయే!"

"కళ్లొక్కటే మిగిలాయి. అవి కూడా పోతే పోనీండి."

"సిగ్గు లేదూ? ముందు వరసలో కూర్చున్నావే, నా పక్కన!"

"మళ్లీ ఒత్తుల దగ్గరికి పంపండి. హాయిగా ఉంటుంది."

ఆవిడ గరిటె గిన్నెలో విసిరేసింది. "కాలనీ మొత్తం చెబుతాను. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి చెబుతాను. మీ అమ్మాయికి సంబంధం ఎలా కుదురుతుందో చూస్తా."

"చెప్పండి. కాకపోతే ముందు ఆసుపత్రికి వెళ్లొచ్చి, ఆ తరువాత చెప్పండి. ఇల్లిల్లూ తిరగడానికి ఓపిక ఉండాలిగా."

స్టవ్ కట్టేసి మంచం అంచున కూర్చుంది. నా గుడ్డ మడతను రెండు వేళ్లతో ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూసి, నాకిచ్చింది. అడిగినప్పుడు గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"కోసినప్పుడు తెలిసిందా?"

"కోసేటప్పుడు తెలియదు. తరువాత తెలుస్తుంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నొప్పి లేదు. కోపంగా ఉంటుంది."

"ఎవరి మీద?"

"ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద."

ఆవిడ ముడుపు గుడ్డ వైపు చూసింది. "స్వామికి మాటిచ్చాను. తప్పితే ఊరుకుంటాడా?"

"తప్పొద్దు. వైద్యమయ్యాక వెళ్లండి. అప్పటికి ఎలాగూ జుట్టు ఉండదు, అక్కడ గుండు గీసేవాడికి పని తగ్గుతుంది."

చేతికందిన తువ్వాలు నా మీదికి విసిరింది. "ఛీ, పో! బయటికి పో!"

"పొద్దున ఏడింటికి బస్టాపులో ఉంటాను" అన్నాను.

తలుపు నా వీపు మీదే వేసింది. గడియ పెట్టిన చప్పుడు కూడా విన్నాను. రైలు సాయంత్రానికి. ఆవిడ ఎటు వెళ్తుందో నాకు తెలియదు.

ఆ సంబంధం ఏమైందో ఇక్కడ రాయను. అది మా అమ్మాయి సంగతి, అది రాసుకోదలిస్తే ఏ భాషలోనైనా రాసుకుంటుంది.

మర్నాడు ఉదయం నీళ్లు వదిలే వేళకు లేచి, ఒక్క బకెట్టు నింపుకుని, దాంతో స్నానం చేశాను. డ్రమ్ము, కూలరు అలాగే వదిలేశాను. మా ఆయన మంచం మీద నుంచే "కాఫీ" అన్నాడు. పాల బూత్ టోకెన్లు గూట్లో ఉన్నాయి, పాలు తెచ్చుకోమని చెప్పాను. తల మీద కొంగు వేసుకోలేదు. నేతచీర మడతను మళ్లీ కుట్టుకోలేదు, జాకెట్టు ఒక పక్క వదులుగా వేలాడుతుంటే అలాగే మెట్లు దిగాను. కింది ఇంటి తలుపు తట్టలేదు.

బస్టాపులో రెండు బస్సులు వదిలేశాను. మూడోది వస్తుండగా ఆవిడ వచ్చింది. పసుపు చీరే కట్టుకుంది, చేతిలో పులిహోర డబ్బా ఉంది. బస్సులో నా పక్కన చోటున్నా, వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

ఆసుపత్రిలో బోర్డులు నేను చదవలేను, ఆవిడ కళ్లు చదివే స్థితిలో లేవు. కారుతున్న కూలరు దాటి, నీలం తలుపు పక్కన, ఆడవాళ్ల వరసలోకి తీసుకెళ్లాను. నేను ముందు, ఆవిడ నా వెనక. మా వంతు వచ్చాక కిటికీ లోపలి మనిషి తల ఎత్తకుండానే, "ఏమిటి జబ్బు?" అని హిందీలో అడిగాడు. ఆవిడ పులిహోర డబ్బా మూత సర్దుకుంటూ నా వీపు చాటుకు జరిగింది. మళ్లీ అడిగాడు.

"రొమ్ములో గడ్డ. కాన్సరేమో చూడాలి," అని నేను చెప్పాను. ఆ మాట నా నోటితో బయట అనడం అదే మొదలు. వరసలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు.

వెనక నుంచి నా వీపు మీద గట్టిగా గిల్లింది. "మెల్లగా అనవే!"

కిటికీలో తల పెట్టి, ఇంకాస్త గట్టిగా ఇంకోసారి చెప్పాను.